పెడల్ మీద కాలు

ఆగస్టు 4, 2025. సోమవారం

ఇవాళ్టి నుంచి రాసిపెట్టుకుంటాను. షెడ్డులో జరిగినవి, ఏ రోజువి ఆ రోజే. ఎవరికీ చూపించడానికి కాదు. ఈమధ్య నా చుట్టూ ఒకరు చెప్పేదానికీ ఇంకొకరు చెప్పేదానికీ పొంతన ఉండడం లేదు. నా మాట నా దగ్గరైనా ఉండాలి.

ఏడో నంబరు జాయింట్‌కి చిల్లు పడింది. నేను కడుతున్న రెండు సీట్ల విమానంలో, ముందు సీటు వెనక నాలుగు ట్యూబులు కలిసే చోట. శనివారం దాన్ని బాగానే వదిలాను. ఇవాళ పొద్దున షెడ్డు తెరిచి చూస్తే ట్యూబుకి బఠాణీ గింజంత చిల్లు. అంచులు కరిగి లోపలికి ముడుచుకున్నాయి. ఆ ట్యూబు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. వెల్డింగ్ టార్చ్‌ని కదపకుండా ఒకే చోట పట్టుకుని, కరెంటు పెడల్‌ని కాలితో నొక్కి ఉంచితే తప్ప అలా కాదు. వెల్డింగ్ నేర్చుకునేవాళ్ళు మొదటి వారంలో చేసే తప్పు. నేను పదేళ్ళుగా చేస్తున్నాను. జెస్సికా పన్నెండేళ్ళుగా చేస్తోంది. కాబట్టి ఇది తప్పు కాదు, కావాలని చేసిన పని.

షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి జెస్సికా దగ్గర. కల్లూరు అమ్మాయి, బాయిలర్ పైపుల పని చేసి వచ్చింది. మార్చి నుంచి నా దగ్గర ఉంది. విమానం బాడీకి ట్యూబులు కోసేది, సగానికి పైగా వెల్డ్ చేసేది ఆమే. దమ్మపేటలో గది కిరాయికి తీసుకుంది.

అడిగాను.

"నేను ముట్టలే సార్" అంది. నా మొహంలోకి చూడలేదు. నా ఎడమ చేతి వైపు చూస్తూ అంది.

శనివారం ఇంకా గంట పని ఉండగానే, "ఇయ్యాల్టికి చాలు సార్" అని మెషిన్ ఆపేసింది ఆమే. అంత తొందర దేనికో.

ఆగస్టు 5

ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ, రూపాయి బిళ్ళంత. ఎప్పుడు కాలిందో తెలియదు. ఈ పనిలో ఇవన్నీ ఎవరు చూసుకుంటారు.

ఆగస్టు 9. శనివారం

మనోజ్ఞ ఖమ్మం హాస్టల్ నుంచి వచ్చింది. బ్యాగు ఇంట్లో పడేసి నేరుగా షెడ్డుకి వచ్చింది. ఒట్టి ట్యూబుల పంజరం, ఇంకా బట్ట లేదు, రెక్కలు లేవు, చక్రాలు లేవు. వెనక సీటు చోట అడ్డంగా పలక వేసుకుని కూర్చుంది.

"మొదటిసారి వెనక సీటు నాదే నాన్నా. అమ్మకి ఇవ్వొద్దు."

"అమ్మ ఎక్కదులే."

"ఎప్పుడు ఎగురుతాం?"

వచ్చే వేసవికి అన్నాను. మాటిచ్చాను. ఫ్లయింగ్ క్లబ్బులో అరవై గంటలు ఎగిరినవాణ్ణి, నా కూతుర్ని తీసుకెళ్ళలేనా. అనుమతుల కాగితాలు చాలా ఉన్నాయి. పైలట్లకి చేసే మెడికల్ పరీక్ష కూడా మళ్ళీ చేయించుకోవాలి. దాని సంగతి తర్వాత.

హైమ షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడింది. కూతురు పంజరంలోంచి చెయ్యి ఊపితే తనూ ఊపింది కానీ లోపలికి రాలేదు. ఏప్రిల్‌లో జీపు కాలవలోకి దిగిన దగ్గర్నుంచి మా ఆవిడ ఇలాగే ఉంది. జీపు తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటోంది. అడవిపంది అడ్డం వచ్చిందని ఎన్నిసార్లు చెప్పాను. "పందిని మీరు చూశారా?" అని అడుగుతుంది. చూడకపోతే పంది అని ఎందుకంటాను?

ఆగస్టు 13

మఫ్టీలో ఒకతను బండి మీద వచ్చాడు. షెడ్డంతా తిరిగాడు. "ఇది ఎగురుతదా? ఎవరి కోసం చేస్తున్నరు?" అన్నాడు. అడవి పక్కన ఉంటే ఇవి తప్పవు. నా దగ్గరున్న ఉత్తరాలన్నీ చూపించాను. ఫోటోలు తీసుకుని పోయాడు.

ఎవరు చెప్పి ఉంటారు? మా పామాయిల్ తోట కాపలా బద్యాని పిలిచి అడిగాను.

"అంగడిల అడిగిండ్రు, చెప్పిన సారూ. దాచేదేముంది?" అన్నాడు. వెళ్ళబోయి ఆగి, "పానం మంచిగుందా సారూ?" అన్నాడు.

నా ప్రాణం సంగతి వీడికి ఎవరు చెప్పారు?

ఆగస్టు 19

షెడ్డులో వాసన. వెంట్రుకలు కాల్చినట్టు. ఇది మూడోసారో నాలుగోసారో. వాసన వచ్చిన రోజే ఏదో ఒకటి చెడుతోంది, గమనించాను. ఎవరో ఏదో తెచ్చి కాల్చి, నేను వెతికేలోపు తీసేస్తున్నారు.

"ఏం వాసన సార్? నాకైతే రాలే" అంది జెస్సికా.

బద్యా కూడా రాలేదన్నాడు. ఇద్దరిదీ ఒకటే మాట. ముందే అనుకున్నట్టుగా.

ఆగస్టు 20

జెస్సికా ఏడో నంబరు దగ్గర చిల్లు పడ్డ ట్యూబుని కోసేసి కొత్త ముక్క వేసింది. నన్ను అడగలేదు. వెల్డ్ మీద ఆ సన్నటి పొలుసుల వరస ఆమె చేతిదే, నాది కొంచెం వెడల్పు. చాలా బాగా చేసింది. అదే నా అనుమానం. చెడగొట్టినవాళ్ళు ఆనవాలు ఉంచుతారా?

"చిల్లుంటే ఎట్ల సార్? మార్చిన" అంది.

పాత ముక్క ఏది అంటే పాత సామానులో వేశానంది. వెతికాను. ఉంది. అంటే దాచలేదు. అయినా సరే.

ఆగస్టు 24. ఆదివారం

ఒకే ఆటోలోంచి హైమ, జెస్సికా దిగారు. జెస్సికా చర్చి నుంచి, హైమ కూరగాయలకి వెళ్ళి. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అన్నాను ఇంటికొచ్చాక.

"ఊరికేనండీ."

"షెడ్డులోకి రానిదానివి. ఆ అమ్మాయితో నీకేం మాటలు?"

హైమ సంచిలోంచి వంకాయలు తీసి నీళ్ళలో వేసింది. చాలాసేపు వాటినే కడిగింది.

ఇప్పుడు అర్థమవుతోంది. హైమకి నేను ఎగరడం ఇష్టం లేదు, పని ఆగిపోవాలి. నోటితో చెబితే నేను వినను, అందుకని ఆ అమ్మాయితో చేయిస్తోంది. ఒక చిల్లు, దానికి ఒక మరమ్మతు, మళ్ళీ ఒక చిల్లు. ఇలా నాలుగేళ్ళు గడిపేస్తే నేనే విసుగొచ్చి మానేస్తానని.

ఆగస్టు 25

లేదు, హైమ అలా చెయ్యదు.

ఆగస్టు 29

పన్నెండో నంబరు. మళ్ళీ అదే చిల్లు.

సెప్టెంబర్ 2

సత్తుపల్లి నుంచి మనిషిని పిలిపించి కెమెరాలు పెట్టించాను. ఒకటి గేటు వైపు, అందరికీ కనిపించేలా. ట్యూబులు దొంగలు పట్టుకుపోకుండా అని చెప్పాను. రెండోది షెడ్డు లోపల, దూలం పక్కన ఎవరికీ కనిపించకుండా. జెస్సికా ఇవాళ సెలవు. బద్యాని గెలలు కోసే చోటికి పంపేశాను. రెండో కెమెరా సంగతి నాకు, ఆ మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

సెప్టెంబర్ 6

నాలుగు రోజుల వీడియో చూశాను. జెస్సికా వస్తుంది, మెషిన్ తుడుస్తుంది, ట్యూబు కొనలు ఆకురాయితో రాస్తుంది. అన్నం గిన్నె తెరిచి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తింటుంది. నేను లేనప్పుడు పంజరం పక్కకి కూడా పోలేదు.

ఒకరు తినడం చాటుగా చూస్తుంటే సిగ్గేసింది. తర్వాత, కెమెరా సంగతి తెలిసిపోయి నటిస్తోందేమో అనిపించింది.

సెప్టెంబర్ 11. గురువారం

దొరికిపోయింది.

పొద్దున పదహారో నంబరు మొదలుపెట్టాను. మళ్ళీ ఆ వాసన, ఈసారి బాగా ఘాటుగా. హెల్మెట్ ఎత్తి చూసేసరికి జెస్సికా నా పక్కనే ఉంది. టార్చ్ ఆమె చేతిలో ఉంది. జాయింట్‌కి కొత్త చిల్లు, ఇంకా వేడి తగులుతోంది. ఇంతకంటే ఏం కావాలి?

"ఇది నీ పని కాదా?" అన్నాను.

"మీ చేతుల్నుంచి తీసుకున్న సార్."

"నా చేతిలోంచి టార్చ్ తీసుకుంటే నాకు తెలియదా?"

అప్పుడు నేను చాలా అన్నాను. నిన్ను నమ్మి నా కూతురు కూర్చునే సీటు నీ చేతిలో పెట్టాను, ఎవరు చెప్పి చేయిస్తున్నారు, ఏం ఇస్తున్నారు అన్నాను. రేపటి నుంచి రావద్దన్నాను.

గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. తాళంచెవి వాటి పక్కన పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట సార్. మీరొక్కరే ఉన్నప్పుడు మెషిన్ ఆన్ చెయ్యకుండ్రి."

బెదిరింపు. పోతూ పోతూ బెదిరించి పోయింది. రేపు వీడియో చూసి, ఆ ముక్క ఫోనులోకి ఎక్కించి హైమ ముందు పెడతాను.

సెప్టెంబర్ 12

చూశాను.

సెప్టెంబర్ 13. శనివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను. చూసింది చూసినట్టు రాస్తాను.

పది గంటల నలభై రెండు. నేను స్టూలు మీద కూర్చుని ఉన్నాను, హెల్మెట్ దించి ఉంది. వెల్డింగ్ వెలుగు నెమ్మదిగా ట్యూబు చుట్టూ జరుగుతోంది. సరిగ్గానే జరుగుతోంది. జెస్సికా అవతల బల్ల దగ్గర ట్యూబు కోస్తోంది. 

వెలుగు ఆగింది. ఆరిపోలేదు, ఒక్కచోటే ఉండిపోయింది. ఎడమ చేతిలోని ఫిల్లర్ రాడ్, అతుకులో కరిగించే సన్న కడ్డీ, కింద పడింది. ఆ చెయ్యి నా చొక్కా దగ్గరికి వచ్చింది. వేళ్ళు బొత్తాన్ని పట్టుకుని లాగుతున్నాయి, వదులుతున్నాయి, మళ్ళీ లాగుతున్నాయి. పసిపిల్లలు చేసినట్టు. కాలు పెడల్ మీదే ఉంది.

జెస్సికా తలెత్తి చూసింది. రంపం పడేసి పరిగెత్తింది. ముందు మెషిన్ స్విచ్ ఆపింది. తర్వాత నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి టార్చ్ తీసుకుంది. రెండో చేత్తో హెల్మెట్ పైకెత్తింది.

నా మొహం కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఏదో నములుతోంది. నోట్లో ఏమీ లేదు.

ఆమె నా భుజం పట్టుకుని నిలబడింది, స్టూలు మీంచి పడిపోకుండా. గోడ గడియారం చూసుకుంది. రుమాలు తీసి నా గడ్డం తుడిచింది. నిమిషం మీద పది సెకన్లు. అప్పుడు హెల్మెట్‌ని మళ్ళీ దించింది. నాకు మెలకువ వచ్చేసరికి నా మొహం ఎవరూ చూడలేదని నేను అనుకోవాలని కాబోలు.

తర్వాత నేనే హెల్మెట్ ఎత్తాను. చిల్లు చూశాను. ఆమె చేతిలో టార్చ్ చూశాను. లేచి వేలు చూపిస్తూ తిట్టడం మొదలుపెట్టాను. వీడియోలో శబ్దం లేదు. అవసరం లేదు. ఆ తిట్ల దగ్గర్నుంచి నాకు అన్నీ గుర్తున్నాయి.

సెప్టెంబర్ 14. ఆదివారం

కెమెరాలో గడియారం తప్పు చూపిస్తూ ఉండొచ్చు. నిద్ర సరిగా లేక ఒక్కోసారి అలా అవుతుంది. పామాయిల్ తోటకి మందు కొట్టినప్పుడు ఆ గాలి తగిలి కూడా అవుతుంది. ఆ రోజు మందు కొట్టలేదు.

వీడియో తీసేద్దామని రెండుసార్లు వెళ్ళాను.

మనోజ్ఞ వచ్చింది. పదహారో నంబరు చూసి ఏమైందంది. పెడల్ ఇరుక్కుందన్నాను. "చూసుకో నాన్నా" అని వెనక సీటులో ఎక్కి కూర్చుంది. ముందు సీటు వీపు మీద రెండు చేతులూ వేసింది, నేను అక్కడ కూర్చున్నట్టు. ఏదో పాట అందుకుంది.

ఆ చేతులు చూశాను. నిమిషం మీద పది సెకన్లు ఎంతసేపో మనసులో లెక్కపెట్టాను. తన పాట ఒక చరణం అయిపోయి రెండోది మొదలైంది, నా లెక్క ఇంకా పూర్తి కాలేదు.

వీడియో తీసేయలేదు.

సెప్టెంబర్ 16. మంగళవారం

కల్లూరు వెళ్ళాను, బస్సులో. జెస్సికా వాళ్ళ నాన్న ఇన్నయ్య గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూసి లేచాడు కానీ రమ్మనలేదు. లోపలికి చూసి "అమ్మా, మీ సారొచ్చిండు" అన్నాడు.

జెస్సికా కుర్చీ వేసింది. తను నిలబడే ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. లోపల ఇంకో కెమెరా ఉందని చెప్పాను. చూశానన్నాను.

"అవ్ సార్" అంది. అంతే.

"ఎన్నిసార్లు?"

"నేను చూసినయి ఆరు. చిన్నచిన్నయి ఇంకా ఉండొచ్చు. గప్పుడు మీరు చేతిల టార్చ్ పట్టుకొని లేరు."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"జూన్‌ల చెప్పిన సార్. మీరు కూసున్నకాడనే నిద్రపోతున్నరా అని అడిగిన. నవ్విండ్రు. ఇంకోసారి చెప్పిన, నీ పని నువ్వు చూస్కో అన్నరు. గప్పుడు అమ్మగారికి చెప్పిన."

"మరి పని మానేసి పోవచ్చు కదా. ఇన్ని మాటలు ఎందుకు పడ్డావు?"

జెస్సికా తన చేతులు చూసుకుంది. "నేను పోతే షెడ్డుల మీరొక్కరే ఉంటరు గద సార్."

ఇన్నయ్య అప్పుడు నోరు తెరిచాడు. "మా బిడ్డే కావాలని చెడగొట్టింది అన్నరంట."

"అన్నాను. అది తప్పు. ఇద్దరి ముందూ చెబుతున్నాను, తప్పు నాది."

ఆయన కూతురి వైపు తిరిగి, "చాయ్ పెట్టు అమ్మా" అన్నాడు.

చాయ్ తాగాను. మళ్ళీ వస్తావా అని అడగలేదు. అడిగే మొహం లేకపోయింది.

సెప్టెంబర్ 19. శుక్రవారం

ఖమ్మం దవాఖానా. హైమ ముందు రోజే చీటీ రాయించి పెట్టింది. నేను ఊ అంటానని ఎప్పటినుంచి ఎదురు చూస్తోందో.

డాక్టరు వీడియో మూడుసార్లు చూశాడు. తలకి తీగలు అంటించి పరీక్ష చేయించాడు. ఇది మూర్ఛలో ఒక రకం అన్నాడు. అందరూ కింద పడి కొట్టుకోరు, కొందరు ఇలా కాసేపు లేకుండా పోతారు అన్నాడు. ముందుగా ఏదైనా వాసన వస్తుందా అని ఆయనే అడిగాడు. నా బదులు హైమ చెప్పింది, వెంట్రుకలు కాలిన వాసన అంటారని.

మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బండి నడపకూడదు. మంట దగ్గర పని వద్దు. విమానం సంగతి నేనే అడిగాను.

"నడపడమా?" అన్నాడు. కాగితం మీద రాస్తున్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "లేదండీ. ఇంక లేదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో హైమ కిటికీ వైపు కూర్చుంది.

"నువ్వు గట్టిగా చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"జీపు కాలవలో పడ్డ రోజే చెప్పాను. మీరు స్టీరింగ్ పట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోయారు. నేను పక్కనే ఉన్నాను. అరిచాను. వినిపించలేదు మీకు. తర్వాత మీరే పంది అన్నారు. అంత నమ్మకంగా అంటుంటే, నాకే కనిపించలేదేమో అనుకున్నాను రెండు రోజులు."

బస్సు వైరా దాటింది.

"జెస్సికాని ఉండమని అడిగింది నేనే" అంది అప్పుడు. "ఆ అమ్మాయి ఎప్పుడో పోతానంది. నేను ఆటోలో చేతులు పట్టుకున్నాను."

సెప్టెంబర్ 20

ఆదివారం కోసం ఆగలేక మనోజ్ఞకి ఫోను చేసి చెప్పాను. అంతా చెప్పాను. వెనక సీటు మాట నిలబెట్టుకోలేనన్నాను. పెట్టేసిందేమో అనుకున్నాను.

"అయితే నువ్వు వెనక కూర్చో నాన్నా. ముందు సీటుకి ఎవరినైనా చూద్దాం" అంది. గొంతు బాగాలేదు. పక్కన స్నేహితులున్నారని పెట్టేసింది.

సెప్టెంబర్ 25

మాత్రలకి మత్తుగా ఉంది. వాసన రాలేదు. షెడ్డుకి పోలేదు.

సెప్టెంబర్ 28

షెడ్డుకి పోలేదు.

అక్టోబర్ 6. సోమవారం

దసరా సెలవులు అయ్యాయి. ఉదయం తొమ్మిదికి జెస్సికా వచ్చింది. హైమ పిలిచిందట. ఇద్దరూ కలిసి షెడ్డు తెరిచారు. హైమ గుమ్మం దాటి లోపలికి వచ్చి, మొదటిసారి పంజరం మీద చెయ్యి వేసింది.

జెస్సికాయే అడిగింది, దీన్ని ఏం చేద్దామని. బాడీ పూర్తి చేద్దామన్నాను. క్లబ్బులో నాకు నేర్పినాయన ఒప్పుకుంటే ఆయన నడుపుతాడు. వెల్డింగ్ అంతా ఆమెదే, కొలతలు నావి. ఆమె తల ఊపింది. చిల్లు పడ్డవన్నీ మార్చేశానని, పదహారో నంబరు ఒక్కటే మిగిలిందని చెప్పింది.

ఆమెకి తెలిసినంతవరకు అదే నిజం. నేను అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆమె రాని రోజులు ఉన్నాయి. ఏప్రిల్ నుంచి జూలై దాకా, ఆదివారాలు, ఆమె చర్చికి పోయినప్పుడు నేనొక్కణ్ణే చేసినవి. తొమ్మిది జాయింట్లు. పైకి ఒక్క దానికీ మచ్చ లేదు.

సుద్దముక్క తీసుకుని ఒక్కొక్కదానికీ గుర్తు పెట్టాను. రెండు తోక దగ్గర. మూడు కింద, చక్రాలు తగిలించే చోట. మూడు పక్కల. తొమ్మిదోది వెనక సీటు కింద, ఐదు ట్యూబులు కలిసేది. నా జన్మలో నేను చేసిన వెల్డింగుల్లో అదే మంచిది. అది పూర్తయిన రోజు ఫోటో తీసుకున్నాను.

జెస్సికా దాని కిందకి దూరి టార్చిలైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది మస్తుంది సార్. నేను గూడ గిట్ల చెయ్యలేను. దీన్ని ఉంచుదాం."

"కోసెయ్యి."

"ఇది చేసినప్పుడు మీకు మంచిగనే గుర్తుంది గద?"

"చేసినట్టు గుర్తుంది. మధ్యలో ఏమీ కాలేదనే గుర్తుంది. అన్నిటికీ నాకు అలాగే గుర్తుంది జెస్సికా."

జెస్సికా నన్ను మూడడుగులు వెనక్కి జరగమని కళ్ళద్దాలు పెట్టుకుంది. కటింగ్ చక్రం తిరిగింది, నిప్పురవ్వలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. హైమ చెవులు మూసుకుంది కానీ బయటికి పోలేదు.

కోసిన ముక్క చల్లారాక జెస్సికా దాన్ని నిలువునా రెండు చేసి నా చేతికిచ్చింది. వెలుగులోకి తీసుకెళ్ళి చూశాను. లోపల కూడా శుభ్రంగా ఉంది. లోహం అడుగుదాకా సమంగా కలిసింది. ఎక్కడా పగులు లేదు, చిల్లు లేదు, కాలిన మచ్చ లేదు.

జెస్సికా నా వైపు చూస్తోంది.

"తర్వాతది" అన్నాను.